చేవకు కైమోడ్పు

మోసినదానికి మొక్కుతున్నాను.

చెట్టుగా ఉన్నన్నాళ్ళూ ఎండనూ గాలివాననూ మోసి, కూలాక మన గడప దాటి వచ్చి, మన వీపులనూ నిద్రలనూ బియ్యాన్నీ బంగారాన్నీ మోసిన కొయ్యకు మొక్కుతున్నాను. మానుకు నడిమధ్య ఏటికేడూ రంగు ముదిరి గట్టిపడిన చేవకు. చెదపురుగు నోరుపెట్టి వెనక్కి తగ్గిన ఆ చేదుకు. ఏనాడో ఒక వడ్రంగి ఉలి కింద ఒదిగి, ఆ తరవాత ఎంతటి బరువు కిందా ఒరగని మంచపుకోళ్ళకూ పట్టెలకూ పేరుపేరునా దండం.

నీ నగిషీని మెచ్చుకునేవాళ్ళకు లోటు లేదు. చిలకలూ తీగలూ పూలగుత్తులూ ఎదుటే కనబడతాయి. నేను నీ అడుగువైపుకు మొక్కుతున్నాను. బల్లను తిరగేస్తే కనబడే ఆ గరుకు చెక్కకు, చిత్రిక పట్టకుండా వదిలేసిన బాడిస గాట్లకు, బెజ్జంలోకి కుసి దూరిన చోటికి. పైనుంచి దిగే బరువంతా చేరేది అక్కడికే. పాత వడ్రంగి అక్కడ ఇనుప మేకు కొట్టలేదు. మేకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టి చెక్కను చీలుస్తుంది. అతను కుసినీ బెజ్జాన్నీ కలిపి తొలిచి, అడ్డంగా ఒక చెక్క సీల దిగ్గొట్టాడు. వానాకాలం కొయ్య ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. సీల కూడా దానితోపాటే ఉబ్బుతుంది, దానితోపాటే కుంచించుకుంటుంది. నూరు వానాకాలాలు దాటినా కీలు వదులు కాలేదంటే ఆ కలిసి కదలడం వల్లనే.

ఎవరు నేర్పారు నీకీ ఓర్పు? నీ పూర్వీకులెవరని అడిగితే చూపించడానికి కొయ్య మిగల్లేదు. మన వాన, మన చెమ్మ, మన చెదలు కలిసి వెయ్యేళ్ళనాటి మంచాన్ని ఒక్కటి కూడా దక్కనివ్వలేదు. రాయి మాత్రం నిన్ను గుర్తుపెట్టుకుంది. కృష్ణ ఒడ్డున అమరావతిలో, పలనాటి సున్నపురాతి పలకల మీద, సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పులు నిన్ను చెక్కి పెట్టారు. మాయాదేవి పడుకుని కలగంటున్న శయ్యగా ఉన్నావు. రాజులు కాలు మడిచి కూర్చున్న పీఠాలుగా ఉన్నావు. అన్నిటికన్నా గొప్పగా, ఖాళీ సింహాసనంగా ఉన్నావు. చుట్టూ చేతులు జోడించిన జనం. ఆసనం మీద మెత్తలు. కింద పాదముద్రలు. కూర్చున్నవాడు కనబడడు. బుద్ధుణ్ణి చూపించడానికి ఆ శిల్పి మనిషిని చెక్కలేదు, నిన్ను చెక్కాడు. తెలుగునేల మీద ఒక ఆసనానికి దక్కిన అంత పెద్ద గౌరవం మరొకటి నాకు తెలీదు.

అంత ఎత్తునుంచి నేలకు దిగుదాం. నీ పనిలో ఎక్కువ భాగం నేలకు జానెడెత్తులోనే సాగింది.

పీటా, నీకు నమస్కారం. నాలుగు వేళ్ళ ఎత్తున ఉండి, మనిషి నేలకు దగ్గరగా కూర్చుని విస్తరి ముందు తల వంచేలా చేశావు. పెళ్ళినాడు పసుపు రాయించుకుని, కొత్తగా పుట్టబోయే ఒక ఇంటి బరువును రెండు పలకల మీద మోశావు. మర్నాటికి వంటింట్లో గోడకు చేరగిలబడి, మళ్ళీ మామూలు పీటవయ్యావు. కత్తిని నిలబెట్టుకుని కత్తిపీటవయ్యావు. ఇంట్లో ఆడవాళ్ళకు ఆసనమంటూ దక్కింది చాలాకాలం నువ్వొక్కదానివే. పొయ్యి ముందు, కవ్వం ముందు, కూరల బుట్ట ముందు, తెల్లవారుజాము నుంచి పొద్దుపోయేదాకా వాళ్ళ నడుం నొప్పి తెలిసిన సాక్షివి నువ్వు.

ముక్కాలిపీటా, నీకూ. పేడతో అలికిన మట్టినేల ఎప్పుడూ సమంగా ఉండదు. నాలుగు కాళ్ళది ఏదో ఒక కాలు గాల్లో పెట్టి ఊగుతుంది. మూడు కాళ్ళు మాత్రం ఎంతటి ఎగుడుదిగుడు నేల మీదైనా మూడూ ఆనుకునే ఉంటాయి. రేఖాగణితం చదువుకోని మనిషి చేతిలో ఆ లెక్క ఎంత కచ్చితంగా కుదిరిందో చూడు. పాలు పిండే చోట, కుండ దించే చోట, దీపం పెట్టే చోట నువ్వు ఒరిగిపోతే నష్టం. అందుకే నీకు నాలుగో కాలు పెట్టలేదు.

నులక మంచానికి దండం. జనుపనారో కొబ్బరిపీచో పేని, నాలుగు పట్టెల మధ్య ఏటవాలు గళ్ళుగా అల్లి, కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తే నువ్వు తయారు. వేసవి రాత్రి నీ కిందినుంచి కూడా గాలి ఆడుతుంది. పగలు నిలబెడితే గోడకు ఆనుకుని చోటు ఇస్తావు. ఎండలో పడేస్తే మిరపకాయలూ వడియాలూ నీ మీదే ఎండుతాయి. ఊళ్ళో జబ్బుపడ్డ మనిషిని ఆస్పత్రికి నలుగురు భుజాలకెత్తుకుని పోయింది నీ మీదనే. నవారు అల్లితే కాస్త మెత్తబడి పట్టెమంచానివవుతావు గానీ, నీ పని మారదు. నీకు పాతసామాను కొట్లలో ధర పలకదు. ధర పలకనివాటిలోనే నువ్వు పెద్దదానివి.

ఇప్పుడు నడవా చివర, చీకటి గదిలో, గోడంత పొడవున కూర్చున్న నిన్ను చేరుకుంటున్నాను. భోషాణమా!

నీ మూత ఒక్క చేత్తో లేవదు. రెండు చేతులూ పెట్టి, నడుం వెనక్కి వంచి ఎత్తాలి. ఎత్తుతూనే ముందు నీ వాసన పైకొస్తుంది. కర్పూరం, ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, పట్టుజరీ, చింతపండు పెట్టి తోమి దాచిన ఇత్తడి. అడుగున గంగాళాలూ గుండిగలూ. వాటిమీద ముతక దుప్పట్లు. ఆపైన పెళ్ళిచీరలు, తెల్లగుడ్డలో మూటగట్టి. పక్కన చిన్న అర, ఆ అరకు విడిగా ఒక మూత. దానిలో దస్తావేజులు, పసిబిడ్డల మొలతాడు వెండిగంటలు, ఎవరిదో పేరు తెలియని ముక్కుపుడక. ఇనుప పట్టీలు నీ ఒంటిని అడ్డంగా చుట్టి మూలల దగ్గర మడిచి ఉంటాయి. ఆ పట్టీకి కొట్టిన ప్రతి మేకు తలా గుండ్రంగా సాగగొట్టి ఉంటుంది. ముందువైపు గొళ్ళెం అరచేతంత. దానికి వేసిన తాళం చెవి అత్తగారి మొలలో ఉండేది. ఆ చెవి కోడలి చేతికి వచ్చిన రోజే ఆ ఇంట్లో పెత్తనం చేతులు మారేది. బ్యాంకు లాకరు పుట్టకముందు పల్లెకు బ్యాంకు నువ్వే. అంతటితో ఊరుకున్నావా? నీ మూత మీద చాప పరిచి పడుకోనిచ్చావు. ఇంటి సొత్తు కింద, ఇంటి కాపలా పైన. దొంగకు నిన్ను ఎత్తుకుపోయే దారి లేదు, ఆ బరువు చాలు.

దుకాణంలో నీ తమ్ముడికి, గల్లాపెట్టెకు కూడా ఒక నమస్కారం. మూతలో సన్నని చీలిక, లోపల అణాలకొక గూడు, రూపాయలకొక గూడు. పొద్దున్నే పసుపు కుంకుమ పెట్టి తెరిచిన ఆ చెక్కపెట్టె ఎంతమంది పేదల చేతి చెమట నాణేలను దాచిందో దానికే తెలుసు.

ఇంతమందిని కన్న తల్లివి నువ్వు, టేకూ. నీ ఒంట్లోని నూనెవల్లే చెదలు నీ జోలికి రావు, నీళ్ళు నిన్ను కుళ్ళబెట్టవు. పాపికొండల వెనకనుంచీ భద్రాచలం మన్యంనుంచీ నిన్ను దుంగలుగా నరికి, తెప్పలు కట్టి గోదావరి మీద వదిలితే, సుడులు దాటుకుంటూ రాజమండ్రి రేవుకు చేరావు. ఆ ఊరి కలప అడితీల్లో రంపపు పొట్టు వాసన అప్పటినుంచే ఉంది. నీకు సముద్రం అవతల ఇంకో పుట్టిల్లు కూడా ఉంది. బర్మా. అక్కడ నిన్ను వెంటనే నరికేవారు కాదు. పచ్చి టేకు నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని మొదలు చుట్టూతా బెరడునూ తెల్లచెక్కనూ వలయంగా కోసి, నిలబెట్టే రెండు మూడేళ్ళు ఎండబెట్టేవారు. నిలబడే చచ్చిపోయిన చెట్టును తరవాత కూల్చి, ఏనుగుల చేత వాగుల్లోకి లాగించి, వరదనీటిలో దింపేవారు. రంగూనుకు, మౌల్మేనుకు అలా తేలివచ్చావు. అక్కడి కోతమిల్లుల్లో నిన్ను కోసినవాళ్ళలో మనవాళ్ళున్నారు. శ్రీకాకుళం నుంచీ విశాఖ నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఓడెక్కి, రంగం అని పిలుచుకున్న రంగూనుకు వెళ్ళినవాళ్ళు. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలు అన్నారు. దుంగలు మోశారు, ధాన్యం బస్తాలు మోశారు, ఓడల సరుకు మోశారు. 1930లో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చిపడితే ఓడ దొరకని వేలమంది కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు. బర్మా టేకు దర్వాజా, బర్మా టేకు బల్ల అని మనం గర్వంగా చెప్పుకుంటాం. నువ్వు ఓడలో వచ్చావు. నిన్ను కోసిన మనిషి కాలినడకన వచ్చాడు. నీకు మొక్కినప్పుడు అతనికీ మొక్కుతాను.

ఇక విశాఖపట్నం. ఇక్కడ కాసేపు ఆగి కూర్చుంటాను, ఇక్కడ చూడవలసింది చాలా ఉంది.

1682లో ఆంగ్లేయులు విశాఖలో కోఠీ పెట్టారు. పక్కనే భీమునిపట్నంలో డచ్చివారు అప్పటికే ఉన్నారు. వాళ్ళు వచ్చింది మన అద్దకపు బట్టల కోసం. వచ్చినవాళ్ళకు కూర్చోవడానికి కుర్చీ కావాలి, రాసుకోవడానికి బల్ల కావాలి, ఉత్తరాలు దాచడానికి సొరుగుల బీరువా కావాలి. తమ దేశపు నమూనాలు చూపించారు. మన కంసాలులు చూశారు. ఆకారం వాళ్ళది తీసుకున్నారు, ఒంటినిండా మాత్రం మన పూలు పూయించారు. అద్దకపు గుడ్డమీద పాకే తీగే జిట్రేగి కొయ్యమీద దంతమై పాకింది.

ఆ పనిని దగ్గరగా చూద్దాం. ముందు దంతాన్ని పల్చటి రేకులుగా కోస్తారు. రేకును ఆకుగా, మొగ్గగా, తీగ మలుపుగా కత్తిరిస్తారు. ఆ రూపం కొయ్యమీద పెట్టి గీత గీసి, గీతలోపల దాని మందానికి సరిగ్గా తవ్వుతారు. గోరంత ఎక్కువ తవ్వితే దంతం లోపలికి కుంగుతుంది, తక్కువ తవ్వితే పైకి లేస్తుంది. అతికించి నున్న చేశాక అసలు పని మొదలవుతుంది. సూదిమొన ఉలితో తెల్లటి దంతం మీద వెంట్రుకంత సన్నగా గీస్తారు. ఆకు ఈనె, రేక అంచు, పక్షి కన్ను. ఆ గీతల్లోకి కరిగిన నల్ల లక్క పోస్తారు. లక్క గట్టిపడ్డాక పైపైన గీకి మెరుగుపెడితే, గీతలో ఉన్న నలుపు మాత్రం నిలిచిపోతుంది. తెల్లటి పువ్వుకు నల్లటి ఈనెలు వస్తాయి. రెండు వందల యాభై ఏళ్ళ తరవాత కూడా ఆ ఈనెలు చెక్కుచెదరకుండా ఉన్న పెట్టెలు మ్యూజియాల్లో ఉన్నాయి. 1756లో జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి విశాఖ పేరు చెప్పి బట్టలతోపాటు ఈ పొదుగుడు పనినీ మెచ్చుకున్నాడు.

తరవాత్తరవాత పొదగడంతో తృప్తిపడలేదు ఆ చేతులు. గంధపుచెక్క పెట్టెను తయారుచేసి, దానికి నిలువెల్లా దంతపు తొడుగు వేశారు. కుట్టుపని పెట్టెలు, టీ ఆకు డబ్బాలు, అద్దాల సొరుగుపెట్టెలు, చదరంగపు పెట్టెలు. కొన్ని టీ డబ్బాలను ఇంగ్లీషు పల్లె ఇళ్ళ ఆకారంలో, కప్పూ కిటికీలూ పొగగొట్టంతో సహా చేశారు. ఇంగ్లాండు ముఖం ఎరగని విశాఖ పనివాడు, ఎవరో ఇచ్చిన అచ్చుబొమ్మ చూసి, ఆ దేశపు భవంతులను దంతం మీద గీశాడు. మంచు పడే ఊళ్ళ ఇళ్ళను ఉప్పుగాలి వీచే వీధిలో కూర్చుని గీశాడు. చిమ్నీ ఎందుకో అతనికి తెలియకపోవచ్చు. గీత మాత్రం తప్పు పోలేదు. ఇలా కోరమాండల్ తీరంలో తయారైన దంతపు సామాను ఎంత దూరం పోయిందంటే, మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ విన్చ్ సామాను 1781లో వేలానికి వస్తే, దంతపు కుర్చీలనూ సోఫాలనూ మూడవ జార్జి రాజే కొనుక్కున్నాడు. రాజు పేరుంది, గవర్నరు పేరుంది, వేలం వేసినవారి పేరుంది. చేసినవాడి పేరు లేదు.

ఆ పనికి చేతులెత్తి మొక్కుతాను. ఆ దంతం కోసం నేలకూలిన ఏనుగుకు కూడా తల వంచుతాను. అంత అందం అంత ప్రాణం తీసుకుందని తెలిసి కూడా కళ్ళార్పకుండా చూస్తాం, చూసి బాధపడతాం. ఇవాళ దంతం కొనడం అమ్మడం మన దేశంలో నేరం. అలాగే ఉండాలి. ఉన్న పాత పనిని కాపాడుకుంటే చాలు.

అడవిలోంచి రాజమందిరాలకు పోయిన మరో దారి శేషాచలం నుంచి ఉంది. ఎర్రచందనమా, నీ పుట్టుక తూర్పు కనుమల దక్షిణపు కొసన, కడప చిత్తూరు నెల్లూరు చుట్టుపక్కల కొండల్లోనే. ఇంకెక్కడా నువ్వు నీ అంతట నువ్వు మొలవవు. నీళ్ళలో వేస్తే మునిగే బరువు నీది. ఆ బరువునే చీనా చక్రవర్తులు కోరుకున్నారు. బీజింగ్ రాజప్రాసాదంలో సింహాసనాలూ బల్లలూ తెరలూ చేయించిన, వాళ్ళు అన్నిటికన్నా విలువైనదిగా ఎంచుకున్న ఆ ముదురెరుపు కొయ్య నువ్వే. రాళ్ళ గుట్టమీద, గుక్కెడు వానకు ఎదురుచూస్తూ, మనిషి నడుమంత లావెక్కడానికి తరాలు తీసుకున్న చెట్టు అంత దూరం వెళ్ళి చక్రవర్తిని మోసింది. ఇవాళ నీ పేరు చెప్తే దొంగరవాణా గుర్తొస్తోంది. దుంగ మోయడానికి కొండెక్కిన కూలీల చావులు గుర్తొస్తున్నాయి. ఈ తప్పు నీది కాదు. మోసేది ఎవరినని నువ్వు ఎన్నడూ ఎంచుకోలేదు.

నువ్వు ఎంచుకోలేదు గానీ, మేము ఎంచుకున్నాం. నీ ముందు నిలబడి ఆ మాట దాచలేను.

పడక కుర్చీనే చూడు. వీపుకు ఏటవాలుగా పేము అల్లిక, చేతులు పెట్టుకునే పట్టెలు ముందుకు బారెడు సాగి, కాళ్ళు చాచి వాటిమీద పెట్టుకునే వీలు. తోటల దొరలు గుర్రం దిగి బూట్లు విప్పించుకోవడానికి వాడినదాన్ని మన జమీందారులూ వకీళ్ళూ కరణాలూ వసారాలోకి తెచ్చుకున్నారు. నీ పేము అల్లికకు నేను మొక్కుతాను. చట్రం పొడవునా వరసగా బెజ్జాలు, వాటిలోంచి తడిపిన పేము బద్దలను నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు, ఆపైన ఐమూలగా అటొకసారి ఇటొకసారి పోనిస్తే ఎనిమిది పలకల కళ్ళు విచ్చుకుంటాయి. తడి ఆరినకొద్దీ అల్లిక తనంతట తానే బిగుస్తుంది. ఈ అల్లికను పదిహేడో శతాబ్దంలో కంపెనీ ఓడలు తూర్పుదేశాలనుంచి తీసుకుపోతే, అప్పటిదాకా గట్టి చెక్కల మీద కూర్చున్న ఇంగ్లాండు పేము కుర్చీల కోసం ఎగబడింది. చెమట పట్టే మన వీపులకోసం పుట్టిన తెలివి అది.

అయితే నీ మీద ఎవరు కూర్చున్నారు? ఇంటికి పెద్దవాడు. ఇంట్లో ఆడవాళ్ళు నీ పక్కన నిలబడి మాట్లాడారు. పాలేరు మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెలంగాణ పల్లెల్లో దొర దారిన పోతుంటే, తన గుడిసె ముందు, తను పేనుకున్న నులకతో తను అల్లుకున్న మంచం మీద కూర్చున్న మనిషి దిగ్గున లేచి నిలబడాల్సి వచ్చింది. ఆ మంచం లెమ్మనలేదు. కొయ్య ఏనాడూ కులం అడగలేదు. దొరను మోసిన బలంతోనే వెట్టివాణ్ణీ మోసేది, కూర్చోనిస్తే. ఒక మనిషి ఇంకో మనిషి ఎదుట కుర్చీలో కూర్చోవడమే తిరుగుబాటు అయిన రోజులు మన తాతలు చూశారు. పాత కుర్చీని చూసి ఎంత అందంగా ఉందో అన్నప్పుడు, దానిమీద ఎవరిని కూర్చోనివ్వలేదో కూడా తలుచుకోవాలి. అప్పుడే ఆ దండం పూర్తవుతుంది.

హైదరాబాదు రాచనగరు సామాను దగ్గర నేను ఎక్కువసేపు నిలబడను. ఫలక్‌నుమాలో ఒకేసారి 101 మంది కూర్చుని తినగలిగే భోజనపు బల్ల ఉంది. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దుస్తుల కోసం ఆ భవనపు ఒక పార్శ్వమంతా పరుచుకున్న రెండంతస్తుల టేకు బీరువా ఉంది. పై అంతస్తుకు చేరడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. చూడవలసినవే, పని గొప్పదే. నా మనసు మాత్రం ఆ లిఫ్టు పిడి దగ్గర, దాన్ని తిప్పిన చేతి దగ్గర ఆగిపోతుంది.

అదే హైదరాబాదులో, చార్మినారు చుట్టుపక్కల, ఆబిడ్స్‌లో, సికింద్రాబాదు స్టేషను ఎదుట, ఇంకో కుర్చీ ఉండేది. దానికి మాత్రం రెండు దండాలు. వంచిన గుండ్రటి వీపు, గుండ్రటి కూర్చునే పలక, సన్నని నాలుగు కాళ్ళు. ఇరానీ హోటల్ కుర్చీ. దాని తాత పుట్టింది ఆస్ట్రియాలో. మైకేల్ థోనెట్ అనే వడ్రంగి బీచ్ కొయ్యను ఆవిరిలో మగ్గబెట్టి, ఇనుప అచ్చులో వంచి ఆరబెట్టే విద్య పట్టుకున్నాడు. 1859లో ఆయన తెచ్చిన పద్నాలుగో నంబరు కుర్చీకి కావలసింది ఆరు చెక్కముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీసి సర్దితే ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఓడలెక్కి లోకమంతా తిరిగిన ఆ రకం కుర్చీ మన ఇరానీ హోటళ్ళ పాలరాతి బల్లల చుట్టూ చేరింది. దానిమీద రిక్షా తొక్కినవాడు కూర్చున్నాడు, కవి కూర్చున్నాడు, మిల్లు కార్మికుడు కూర్చున్నాడు, ఉద్యోగం వెతుక్కుంటూ జిల్లానుంచి వచ్చిన కుర్రవాడు వన్ బై టూ చాయ్ చెప్పి గంటసేపు కూర్చున్నాడు. ఇంట్లో, ఊళ్ళో, కచేరీలో నిలబడే ఉండిపోయిన మనిషికి ఒక చాయ్ ఖరీదుకు వీపు ఆన్చుకునే చోటు దొరికింది. ఓ వంగిన కొయ్యా, నువ్వు నగిషీ లేనిదానివి. నీ మీద దంతపు పువ్వు లేదు, వెండి మొలక లేదు. నిన్ను సింహాసనాలకన్నా పైన కూర్చోబెడతాను.

లక్కకు ఒక మాట. మోదుగ కొమ్మలను అంటిపెట్టుకుని బతికే చిట్టి పురుగుల ఒంటినుంచి ఊరిన బంక నువ్వు. విశాఖ దంతంలో నల్లగీతవు నువ్వే. స్పిరిట్‌లో కరిగి, గుడ్డ ఉండతో గుండ్రంగా గుండ్రంగా రుద్దించుకుని, పడక కుర్చీ చేతిపట్టెకు మెరుపైందీ నువ్వే. ఆ మెరుపు పొరలు పొరలుగా వస్తుంది. ఒక పూత, ఆరనివ్వడం, ఉప్పుకాగితం, మళ్ళీ పూత. తొందరపడితే తెల్లగా మసకేస్తుంది. పాత బల్ల మీద డబ్బారంగు కొట్టించేవాళ్ళను చూస్తే నా ప్రాణం చివుక్కుమంటుంది. కింద ఉన్న లక్క మెరుపు కనబడకుండా పోతుంది. అలా కొట్టించకండి. ఒక పాత వడ్రంగిని పిలవండి, ఆయన గుడ్డముక్కతోనే దారికి తెస్తాడు.

చివరికి పందిరిమంచం దగ్గరకు వచ్చాను.

నాలుగు మూలలా కడచి పట్టిన స్తంభాలు, పైన దోమతెరకు చట్రం, తలవైపు పలకలో అద్దాలు, అద్దాలకు అటూ ఇటూ ముక్కులు కలిపిన చిలకలు. కూతురితోపాటు సారెగా బండెక్కి అత్తవారి ఊరు చేరావు. శోభనం నీ మీద. చంటిబిడ్డ పక్క తడిపింది నీ మీద. జ్వరంతో మూలిగిన వారాలు, అలిగి గోడవైపు తిరిగిన రాత్రులు, తెల్లవారినా లేవని ఆదివారాలు నీవే. చివరి గడియలో మాత్రం మనిషిని నీ మీదనుంచి కిందికి దించేవారు. ప్రాణం నేలమీదే పోవాలని పెద్దలు నమ్మారు. పుట్టిన దగ్గరనుంచి మోసిన నువ్వు ఆ ఒక్క బరువునూ నేలకు అప్పగించి ఖాళీగా నిలబడేదానివి. పదకొండో రోజు దాటాక మళ్ళీ ఎవరో పక్క వేసుకునేవారు.

ఇప్పుడు మండువా లోగిళ్ళు కూలుతున్నాయి. నిన్ను విప్పి లారీలో వేస్తున్నారు. కొందరు పాతసామాను కొట్టుకు తోలుతున్నారు, కొందరు తలపలకను గోడకు తగిలించి మిగతాది వదిలేస్తున్నారు. మనవరాలు ఒకతె ఒప్పుకోదు. మొత్తం కావాలంటుంది. అపార్టుమెంటు లిఫ్టులో పట్టని స్తంభాలను మెట్లమీదుగా నాలుగో అంతస్తుకు ఎక్కిస్తారు. హాలు నిండా కొయ్యలు. ఏది ఎక్కడిదో ఇంట్లో ఎవరికీ తెలీదు. వచ్చిన వడ్రంగి తొందరపడడు. మంచపుకోడును తిరగేసి, కుసి పక్కన బొటనవేలితో తడుముతాడు. అక్కడ ఉలితో పెట్టిన సన్నని గాట్లున్నాయి. ఒక గాటు, రెండు గాట్లు, మూడు, నాలుగు. పట్టె బెజ్జం పక్కన వాటికి జోడు గాట్లు. నిన్ను చేసినవాడు తన పేరు రాసుకోలేదు. మళ్ళీ నిలబెట్టేవాడికి పనికొచ్చేది మాత్రం రాసిపెట్టాడు. ఇతనికి ఆ రాత చదవడం వచ్చు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు కలుపుతాడు. కొయ్యసుత్తి ఎత్తి, దెబ్బ తగలకుండా మధ్యలో గుడ్డమడత పెట్టి కొడతాడు. ఠపఠపమని నాలుగు మూలలా మోగుతుంది, కింది ఫ్లాటువాళ్ళు ఏమిటా చప్పుడని పైకి వస్తారు. సీలలు దిగుతాయి. వడ్రంగి రెండు చేతులతో స్తంభం పట్టుకుని ఊపి చూస్తాడు, కదలదు. ఎక్కండమ్మా అంటాడు. పరుపు వచ్చేదాకా ఆగకుండా పిల్లలు ఉత్త చెక్కమీదకే ఎక్కి గెంతుతారు, కింది ఫ్లాటువాళ్ళ పాప కూడా చెప్పులు విడిచి వాళ్ళతో ఎక్కుతుంది.